ఎవరూ విసరని రాళ్లు

కూలూరి ఊళ్లో కాఫీ దుకాణం ముందు కుర్చీ వేసుకుని దేశాన్ని కాపాడిన మగవాళ్ల పేర్లు రాయాలంటే దస్తాల కొద్దీ కాగితం కావాలి. ఓడ అడుగున బాయిలర్ ముందు నిలబడి ఆరేళ్లు యుద్ధం చేసినవాడి పేరు మాత్రం ఒక్కటే. పాంతెలీస్ లెంబెసిస్. ఆ కుర్చీల్లో అతను ఏనాడూ కూర్చోలేదు. అతనికి తీరికా లేదు, పిలిచి కూర్చోబెట్టే మర్యాద ఆ ఊరికీ లేదు.

కూలూరి ఉన్నది ఏథెన్సుకు ఎదురుగా సలామీనా దీవిలో, అతను పుట్టిందీ అక్కడే. మూడేళ్లప్పుడు తండ్రిని సముద్రం తీసుకుంది. తల్లి మరిగో ఊరివాళ్ల వలలు బాగుచేసి కొడుకును పెంచింది. పందొమ్మిదో ఏట నౌకాదళంలో చేరి బొగ్గు పార పట్టాడు. మాట బహు తక్కువ. "అడిగితే ఒక మాట, అడక్కపోతే అదీ లేదు, వీణ్ణి కన్నానా, లంగరుని కన్నానా" అని తల్లే వాపోయేది.

పందొమ్మిది వందల పన్నెండులో టర్కీతో యుద్ధం గుమ్మంలోకి వచ్చాక మన పెద్దలకు ఓడలు గుర్తొచ్చాయి. ఎవరో దూరదేశంవాళ్లు ఇంగ్లండులో కట్టించుకుంటున్న నాలుగు డిస్ట్రాయర్లను హడావుడిగా కొన్నారు. గద్ద, డేగ, సింహం, చిరుత అని వాటికి పేర్లు పెట్టారు. ఒక్కోదానికి ఐదు పొగగొట్టాలు. తీసుకురావడానికి వెళ్లినవాళ్లలో పాంతెలీస్ ఉన్నాడు. తీరా చూస్తే ఫిరంగులున్నాయి, గుళ్లు చాలినన్ని లేవు. టార్పీడోలు వదిలే గొట్టాలున్నాయి, వదలడానికి టార్పీడో ఒక్కటీ లేదు. పొయ్యి కొని బియ్యం మరిచిపోయిన సంసారం అది. అయినా అవి రేవులోకి రాగానే ఊరు ఊరంతా ఒడ్డున నిలబడి చప్పట్లు కొట్టింది. మంగలి కోస్మాస్ కత్తి నూరడం ఆపి, "మృగాలురా అవి! టర్కీవాణ్ణి నమిలి మింగేస్తాయి!" అన్నాడు. ఆనాటి నుంచి ఆ నాలుగింటికీ మృగాలనే పేరు స్థిరపడిపోయింది. కోస్మాస్ జన్మలో ఎక్కిన అతి పెద్ద నౌక, జలసంధి దాటించే పేరమా రేవు పడవ. అది కూడా ఒంటె ఎక్కినట్టు కళ్లు మూసుకుని ఎక్కేవాడు.

పాంతెలీస్ ఆ నాలుగింటిలో ఒకదాని మీద మూడో బాయిలర్ చూసేవాడు. ఆ బాయిలర్‌కు ఒక జబ్బు ఉంది. లోపల నీళ్లు ఎంతున్నాయో చూపించే గాజు గొట్టం అబద్ధం చెప్పేది. లోపల అడుగంటుతున్నా అది సగానికి పైనే చూపించేది. ఆ గొట్టాన్ని నమ్మి మంట పెంచితే ఇనుము ఎర్రగా కాలి బాయిలర్ పగులుతుంది, ముందున్న పదిమందీ ఉడికిపోతారు. బాయిలర్ల గది పెత్తనం చేసే చీఫ్ దాన్ని మార్చమని పైకి మూడుసార్లు రాశాడు. పైవాళ్లు పైవాళ్లే కదా, జవాబు రాలేదు. పాంతెలీస్ ఆ గాజును చూడటమే మానేశాడు. పక్కనున్న చిన్న కుళాయి తిప్పి, వచ్చేది నీళ్లో ఉత్త ఆవిరో చప్పుడును బట్టి చెప్పేవాడు. అలా టర్కీ యుద్ధమంతా, అది ముగిశాక కూడా, నాలుగేళ్లు ఆ అబద్ధాలకోరు బాయిలర్‌ను నెట్టుకొచ్చాడు.

పందొమ్మిది వందల పదహారులో అతనికి పెళ్లి కుదిరింది. పిల్ల గరుఫల్య, పడవలు కట్టే లాజరోస్ కూతురు. నోరు పెద్దదని ఊరి మాట. నిజమే, అయితే ఆ నోట్లోంచి అబద్ధం రావడం ఎవరూ వినలేదు. కూలూరిలో అది అరుదైన జబ్బు. పునీత దిమిత్రి పండుగ మర్నాడు పెళ్లని ఉంగరాలు మార్చుకున్నారు.

పెళ్లి నెల రోజులుందనగా దేశం రెండు ముక్కలైంది. ఒక పక్క రాజుగారు, ఒక పక్క పదవి పోయిన మంత్రిగారు. పెద్ద యుద్ధంలో ఫ్రాన్సువాళ్ల పక్కన దిగుదామని మంత్రిగారు, వద్దని రాజుగారు, అదీ తగువు. ఆ తగువు తెగకముందే ఫ్రాన్సువాళ్ల యుద్ధనౌకలు మన జలసంధిలోకి వచ్చి నిలబడ్డాయి. చిన్న ఓడలన్నీ మధ్యాహ్నంలోగా అప్పగించండని చీటీ పంపాయి. మనవాళ్లు ఏం చేశారు? ఏడ్చారు. జెండా దించి, ముద్దుపెట్టుకుని, గోతాలు భుజాన వేసుకుని దిగిపోయారు. ఏడుపులో మనవాళ్లను మించినవాళ్లు లేరు.

పాంతెలీస్ దిగలేదు. చీఫ్ నిచ్చెన దగ్గర నిలబడి కేకేశాడు.

"రారా పాంతెలీస్! అందరూ దిగారు, ఇంకేం చేస్తున్నావురా అక్కడ?"

"మూడో దాంట్లో మంట ఉంది చీఫ్‌గారూ. ఆవిరి దిగలేదు."

"ఇకనుంచి అది వాళ్ల బాయిలర్రా నాయనా. పగిల్తే వాళ్ల చావు."

"వాళ్లు చస్తే చచ్చారు. బాయిలర్ చేసిన పాపమేంటి?"

చీఫ్ దిగిపోయాడు. అంతలో బాయిలర్‌కు బొగ్గు వేసే ఫ్రెంచి ఫైర్‌మన్ ఒకడు నిచ్చెన దిగి వచ్చాడు. ఎర్ర మీసం, కెర్వెలా అని పేరు. వస్తూనే గాజు గొట్టం వంక చూసి, తృప్తిగా తలూపి, పారతో బొగ్గు ఎత్తాడు. పాంతెలీస్ వాడి చేతి మీద ఒక్కటిచ్చాడు. వాడు కొట్టబోయేలోపు చిన్న కుళాయి తిప్పాడు. చుక్క నీళ్లు రాలేదు, బుస్సుమని ఆవిరి వచ్చింది. కెర్వెలా మీసం ఒక్కటే ఎర్రగా మిగిలింది, మొహమంతా సున్నం కొట్టినట్టు అయిపోయింది.

రెండు రోజులుండి ఆ మర్మం తమవాళ్లకు నేర్పమని ఫ్రెంచి ఇంజనీరు బతిమాలాడు. రెండు రోజులే కదా అని పాంతెలీస్ ఒప్పుకున్నాడు. ఇంటికిగానీ, పెళ్లికూతురికిగానీ కబురు పంపలేదు. ఇక్కడ అతన్ని వెనకేసుకురావడం నావల్ల కాదు. ఒక్క కబురు చాలేది. చేపలమ్మే పడవలు రోజుకు పది ఓడ పక్కనుంచే పోయేవి.

ఆ చప్పుడు వాళ్ల చెవులకు పట్టుబడక రెండు రోజులు వారమైంది, వారం నెలైంది. పునీత దిమిత్రి పండుగ వచ్చి వెళ్లిపోయింది. చలికాలం మొదట్లో ఏథెన్సు వీధుల్లో ఫ్రెంచి నావికులకూ మన సిపాయిలకూ కాల్పులు జరిగి రెండు వైపులా మనుషులు చచ్చారు. ఆ తర్వాత ఫ్రెంచివాళ్లతో మాట్లాడిన ప్రతివాడూ ద్రోహే. ఇల్లు కనబడేంత దూరంలో ఓడ ఉంది. ఒడ్డుకొస్తే మాత్రం పాంతెలీస్‌ను చంపేస్తారు.

క్రిస్మస్ వారంలో కోస్మాస్ ఏథెన్సు నుంచి ఒక కొత్త ముచ్చట మోసుకొచ్చాడు. అక్కడ మైదానంలో జనం బారులు తీరి, తలా ఒక రాయి విసిరి, పదవి పోయిన మంత్రిని శపించారట. రాళ్లు కొండలా పేరుకున్నాయట. ఊరూరా అదే జరుగుతోందట.

"మంత్రి ఎక్కడో ఉన్నాడు, మన రాయి వాడిదాకా పోతుందా?" అన్నాడు కోస్మాస్ కాఫీ దుకాణంలో కుర్చీ ఎక్కి. "మన ద్రోహి మన కళ్లెదురుగానే ఉన్నాడు. అడుగో, ఐదు గొట్టాల కింద ఫ్రెంచోడి అన్నం తింటున్నాడు!"

గెరాసిమోస్ పాదిరి కాస్త తటపటాయించాడు. "వాడికి బాప్తిస్మం ఇచ్చింది నేనేరా కోస్మాస్."

"ముడి వేసిన చెయ్యే విప్పాలి పాదిరిగారూ! మీకంటే తగినవాళ్లెవరు?"

పాదిరికి వాదం నచ్చలేదు, వచ్చిన జనం నచ్చారు. ఆదివారం పూజకు కూడా అంతమంది వచ్చి ఎరగరు. ఓడకు ఎదురుగా ఉన్న మిట్ట మీద ఆయన శాపం చదివాడు. నాలుగు వందలమంది వరసగా వచ్చి, "శాపం తగలాలి!" అని రాయి విసిరి పోయారు. మరిగో ఇంటి తలుపు వేసుకుని లోపలే ఉంది. సంబంధం వద్దని ఉంగరం అంతకు ముందే ఆమె గుమ్మంలో పెట్టి వెళ్లిన లాజరోస్, కూతుర్ని వెంటబెట్టుకు వచ్చాడు. గరుఫల్య చేతిలో రొట్టెంత రాయి ఉంది. అందరిలా శాపనార్థాలు పెట్టలేదు. పళ్లు బిగించి, రెండు చేతులా ఎత్తి విసిరింది. "సెబాసు! పెళ్లికూతురంటే అదీ!" అని ఊరు మురిసిపోయింది.

ఆ పూట పాంతెలీస్ గాలి కోసం పైకి వచ్చి మిట్ట వంక చూశాడు. జనం చీమల బారులా రాళ్లు మోసుకొస్తున్నారు. పక్కనున్న కెర్వెలాకు సైగలు చేస్తూ, వచ్చిన నాలుగు ఫ్రెంచి ముక్కల్లో గర్వంగా చెప్పాడు. మా ఊళ్లో కొత్త గుడి కడుతున్నారు, అందరూ కలిసి కడుతున్నారు అని. నాలుగు రోజుల తర్వాత ఒక ముసలి చేపలవాడు అసలు సంగతి చెప్పాడు. ఎవరి రాయి పెద్దదో కూడా చెప్పాడు. అతను విని కిందకు దిగిపోయి పార పట్టాడు. ఆ వారమంతా ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదని కెర్వెలా ఇంజనీరుకు ఫిర్యాదు చేశాడట. అంతకుముందు ఏదో తెగ మాట్లాడినట్టు.

ఫ్రెంచివాళ్లు పిండి ఓడలను రానివ్వలేదు. ఊళ్లో రొట్టె కరువైంది. ముళ్ల ఆకుకూర ఉడకబెట్టుకు తిన్నారు. పాంతెలీస్ తన వంతు బిస్కెట్లు, చిక్కుడు గింజలు, మాంసం డబ్బాలు ఆ ముసలి చేపలవాడి చేత తల్లికి పంపేవాడు. మరిగో ఒక్కత్తీ తినలేక వీధివాళ్లకు పెట్టేది. మిట్ట మీదికి రాళ్లతో వీధిన పోయిన చుట్టుపక్కలవాళ్లు, గిన్నెలు పట్టుకుని పెరటిదారిన వచ్చేవాళ్లు. వారానికి రెండుసార్లు కోస్మాస్ వచ్చేవాడు.

"పిల్లల కోసం మరిగోక్కా. అయిదుగురు. మీవాడికి మాత్రం చెప్పకు."

"ఏం చెప్పకూడదు నాయనా, తిన్నావనా, తిట్టావనా?"

కోస్మాస్ డబ్బా చంకన పెట్టుకుని, రేపు కూడా ఏమైనా వస్తుందా అని అడిగి వెళ్లేవాడు. ద్రోహి తిండి గొంతు దిగదేమోనని కొందరు అనుకుని ఉంటారు. శుభ్రంగా దిగింది.

మరుసటి వేసవిలో రాజుగారు దేశం విడిచి వెళ్లాడు, మంత్రిగారు తిరిగొచ్చాడు. కాఫీ దుకాణంలో అదే మేకుకు పటం మారింది. ఏ ఎండకా గొడుగు పట్టడం మనవాళ్లకు పుట్టుకతో వచ్చిన విద్య. "నేను మొదట్నుంచీ చెప్తూనే ఉన్నా కదరా!" అని కోస్మాస్ గడ్డం గీస్తూ గీస్తూ అన్నాడు. గీయించుకునేవాడు గొంతు మీద కత్తి ఉంది కాబట్టి కాదనలేదు.

మృగాలు మళ్లీ మన జెండా కిందికి వచ్చాయి. చీఫ్ తిరిగొచ్చి చూస్తే పాంతెలీస్ మూడో బాయిలర్ ముందే ఉన్నాడు. గాజు గొట్టం కొత్తది. మనవాళ్లకు నాలుగేళ్లలో దొరకనిది ఫ్రెంచివాళ్లకు పదిహేను రోజుల్లో దొరికింది. చీఫ్ అతన్ని కౌగిలించుకుని ఏడ్చాడు. మనవాళ్ల ఏడుపు సంగతి ముందే చెప్పాను కదా.

ఆ తర్వాత ఏడాదిపైన ఆ ఓడ సరుకు నౌకల పక్కన కాపలా తిరిగింది, దీవుల మధ్య జలాంతర్గాములను వెతికింది. ఫైర్‌మన్‌కు యుద్ధం కనబడదు. పైన గంట మోగితే పార వేగం పెంచాలి, ఆగితే ఆపాలి. ఒకసారి ఓడ గిర్రున తిరిగింది, ఇనుప పక్కల మీద ఏదో పేలి పళ్లు కదిలాయి. ఏం జరిగిందని అతను అడగలేదు, ఎవరూ చెప్పలేదు. రేవుకు నాలుగైదుసార్లు వచ్చినా ఊళ్లో కాలుపెట్టలేదు. తల్లే పడవ మీద వచ్చి చూసిపోయేది. ప్రతిసారీ అతను ఒకటే అడిగేవాడు.

"ఆ పిల్లకి పెళ్లయిందా?"

"ఇద్దరొచ్చారు, ఇద్దర్నీ తిట్టి పంపింది."

"నా మాటేమైనా..."

"అడిగితే నన్నూ తిడుతుంది. నువ్వే వెళ్లి అడుగు."

పద్దెనిమిదో సంవత్సరం చివర యుద్ధం ముగిసి అతనికి సెలవిచ్చారు. ఆ అడగవలసింది అడగడానికే బయల్దేరాడు. 

ఊరికి ముందే కబురు తెలిసింది. మంత్రిగారి రాజ్యంలో పాంతెలీస్ ఇప్పుడు వీరుడు. సన్మానం చేస్తే పైవాళ్ల దృష్టిలో పడొచ్చని కోస్మాస్ ఉపన్యాసం రాసుకున్నాడు. చిక్కల్లా మిట్ట మీది రాళ్లకుప్పతోనే వచ్చింది. రేవులో దిగగానే అదే కనబడుతుంది. దాన్ని తీసేయాలని ఏడాదిన్నరగా అందరికీ ఉంది. తట్ట పట్టుకుని ముందు ఎవరు వెళ్లినా, "నీ రాయి ఏది బాబూ?" అని మిగతావాళ్లు అడుగుతారు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు అవుతుందని ఒక్కడూ ఆ దారి తొక్కలేదు. కుప్ప కుప్పగానే ఉంది.

ఆదివారం పూజ విడిచాక ఊరంతా రేవుకొచ్చింది. పాంతెలీస్ దిగాడు. మెడ మడతల్లో మసి ఇంకా పోలేదు. కోస్మాస్ కాగితం విప్పాడు.

"మృగాల గుండెల్లో నిప్పు ఆరనివ్వని మన వీరుడు..."

"ఆగు కోస్మాస్," అన్నాడు పాంతెలీస్. "ముందు మిట్టెక్కుదాం."

ప్రార్థనకేమో అనుకుని జనం వెంట నడిచారు. కుప్ప దగ్గర అతను ఆగి, టోపీ తీసి, జీవితంలోకెల్లా పొడుగైన మాట మాట్లాడాడు.

"ఎవరి రాయి వాళ్లు తీసుకోండి. తీసుకెళ్లి సముద్రంలో పారేసి రండి. ఎందుకేశావని నేనడగను. ఆ తర్వాత కూర్చుని ఉపన్యాసం మొత్తం వింటాను."

ఒక్కరూ కదల్లేదు. తేలు కుట్టిన దొంగల్లా నిలబడ్డారు. ముందుగా కోస్మాస్ దగ్గాడు.

"నాకా రోజు జ్వరం బాబూ. మంచం దిగలేదు."

"నేను మెగారాలో ఉన్నా, మా అత్తగారింట్లో," అన్నాడు ఇంకొకడు.

"నేను చదివానంతే," అన్నాడు పాదిరి నేల చూస్తూ. "రాయి ముట్టుకోలేదు."

"మా ఆయన వేశాడేమో మరి," అంది ఒకావిడ. "పాపం పోయాడు కదా!"

దాంతో అందరికీ దారి దొరికింది. ఆ శరదృతువులో విషజ్వరంతో ఊళ్లో ఏడుగురు పోయారు. ఆ ఏడుగురే వేసి ఉంటారని తలా ఒక మాట అన్నారు. పాపం ఆ చచ్చినవాళ్లు, మంచాన పడి మూలుగుతూ పోయినవాళ్లు, నాలుగు వందల రాళ్లు మోయవలసి వచ్చింది. బతికున్నవాళ్లు శాపం పెట్టిననాడు కూడా ఇంత నీచంగా లేరు. ఆనాడు కనీసం ఎవరి రాయి వాళ్ల చేతిలో ఉంది.

పాంతెలీస్ టోపీ పెట్టుకోబోయాడు. ఆడవాళ్ల గుంపులోంచి గరుఫల్య బయటికొచ్చింది. తండ్రి చెయ్యి పట్టి లాగితే విదిలించుకుంది. కుప్ప మీదికెక్కి రాళ్లు అటూ ఇటూ విసిరేస్తూ వెతికింది. నాలుగైదు దొర్లి పెద్దమనుషుల కాళ్ల మీద పడ్డాయి. చివరకు ఒకదాన్ని రెండు చేతులా లేపింది. పడవల కొట్టం నుంచి తెచ్చింది కాబట్టి దానికి ఒక పక్క తారు మరక ఉంది.

"ఇది నాది," అంది.

"తెలుసు. చెప్పారు."

"గట్టిగానే వేశాను."

"రాజుగారి కోసమా?"

"రాజెవడు నాకు? మా గుమ్మంలో ఎప్పుడైనా కాలు పెట్టాడా? పెళ్లి నెల రోజులు పెట్టుకుని, ఎదురుగా కనబడుతూ, ఒక్క కబురు పంపకుండా ఆ కుండకి కాపలా కూర్చున్నావు. వంటకి కూరలు తరిగి పెట్టుకున్నవాళ్లం మేము. దానికి వేశాను. మళ్లీ చేస్తే మళ్లీ వేస్తాను."

"రెండు రోజులే అనుకున్నా."

"అనుకున్నవాడివి అఘోరించి చెప్పాలి!"

అతను తల దించుకున్నాడు. ఊరంతటి ముందూ, తప్పు నాదే అన్నాడు. రాయి తీసుకోబోతే ఆమె ఇవ్వలేదు.

"నాది నేనే మోస్తా. తప్పుకో."

రాయి కడుపుకు ఆనించుకుని మిట్ట దిగింది. జనం రెండుగా చీలి దారిచ్చారు. కోస్మాస్ మర్యాదగా టోపీ తీశాడు.

"టోపీ పెట్టుకో కోస్మాస్," అంది ఆమె ఆగకుండానే. "మళ్లీ జ్వరం తగుల్తుంది."

ఎవరూ నవ్వలేదు. నవ్వడానికి కూడా ఆ నాలుగు వందలమందిలో ఒక్కడికీ మొహం లేదు. పాంతెలీస్ ఆమె వెనక రెండడుగుల దూరంలో నడిచాడు. నీళ్లంచున ఆమె రాయి ఎత్తి, పళ్లు బిగించి, ఆనాటంత గట్టిగానే విసిరింది. తర్వాత చేతులు గౌనుకు తుడుచుకుని అతని వంక తిరిగింది.

"ఎన్నాళ్లు సెలవు?"

"పన్నెండు రోజులు."

"సరిపోతుంది," అంది.